సున్నం బిళ్ళలు

నాకు నోరెక్కువ. నరసాపురంలో మా వీధిలో ఎవర్నడిగినా చెబుతారు. కాపురానికొచ్చిన కొత్తలో మా అత్త మరిడమ్మ మీద కూడా గయ్యిమని లేచేదాన్ని. ఆవిడేం తక్కువ తినలేదు, మాటకి మాట అప్పజెప్పేది. కానీ నేను అలిగి పడుకుంటే మాత్రం పళ్ళెంలో అన్నం కలుపుకొచ్చి, "తిని తిట్టవే, ఓపికుంటుంది" అని ముద్దలు పెట్టేది. తల్లి లేకుండా పెరిగినదాన్ని. నాకు అలా తినిపించిన చేయి అదొక్కటే.

భోజనాలయ్యాక ఆవిడకి తమలపాకు చుట్టివ్వడం నా పని. ఆకుకి సున్నం రాస్తుంటే రోజూ అదే వేళాకోళం. "అన్నం పెట్టినదానికి సున్నం పెడుతున్నావే సూర్యకళా!" సామెతని అలా వాడుకుని తనే నవ్వుకునేది.

రెండువేల మూడులో దొడ్లో జారిపడి ఆ కుడిచేయే విరగ్గొట్టుకుంది. అప్పటికి డెబ్బై దాటాయి. కట్టు కట్టించాం. మా వీధిలో వైద్యం చేసే ఆశీర్వాదంగారు వచ్చి చూసి, ఈ వయసుకి ఎముకల్లో సున్నం తగ్గిపోతుందండి, బలానికి వారానికో ఇంజక్షన్ చేస్తాను, రోజూ రెండు కాల్షియం బిళ్ళలు వేయండి అన్నారు. మేం వాటిని సున్నం బిళ్ళలు అనేవాళ్ళం. లేసు అల్లుతున్నదాన్ని సూది పక్కన పడేసి, గడియారం చూసి మరీ వేసేదాన్ని. ఆరు నెలల్లో ఒక్క పూట తప్పలేదు. ఆ చేత్తో ఆవిడ మళ్ళీ అన్నం కలపాలని నా ఆశ.

చేయి అతుక్కుంది గానీ మనిషి పాడైపోయింది. ఎన్ని నీళ్ళు తాగినా దాహమే, మాటిమాటికీ దొడ్లోకి వెళ్ళడమే. అన్నం సయించేది కాదు. ఒకరోజు నన్నే ఎగాదిగా చూసి, లేసు అల్లే పరాయిదాన్ని అడిగినట్టు, దారం కోసం వచ్చావా అమ్మా అని అడిగింది. మా ఆయన హరిబాబు, వయసైపోయింది కదే అన్నాడు. పాలకొల్లు నుంచి వచ్చిన ఆడపడుచు చిన్నమ్మాయిదీ అదే మాట. నీరసం వల్లేనండి అని ఆశీర్వాదంగారు ఇంజక్షన్లు వారానికి రెండు చేశారు. నేను బిళ్ళలు నాలుగు చేశాను. అది నాకెవరూ చెప్పలేదు. నాకే తోచింది.

ఒక పొద్దున ఎంత లేపినా లేవలేదు. కారులో రాజమండ్రి తీసుకెళ్ళాం. మా ఆయన మందులు తేవడానికి కిందికి వెళ్ళినప్పుడు, డాక్టర్ ఉమాశ్రీగారు రక్తం రిపోర్టు పట్టుకుని వచ్చి, ఇంట్లో ఏమేం వాడారు అని అడిగారు. లోటు చేయలేదని చూపించుకోవడానికి మందుల సంచీ మొత్తం బల్ల మీద కుమ్మరించాను. ఆవిడ ఖాళీ అట్టలు, ఇంజక్షన్ బుడ్లు ఒక్కొక్కటే తిప్పి చూశారు.

"కాలువకి లాకులున్నట్టు ఒంట్లో సున్నానికి కిడ్నీలమ్మా," అన్నారు. "ఎంత ఆపాలో ఎంత వదలాలో మెడలో గింజలంత గ్రంథులు హార్మోన్ పంపి చెబుతుంటాయి. వయసు మీద పడితే ఆ లాకులు సరిగ్గా లేవవు. ఈ ఇంజక్షన్ పేరుకే డి విటమిను, లోపల అదీ హార్మోన్ పనే చేస్తుంది. పైనుంచి మీరు వరద వదిలారు. ఆ మతిమరుపు వయసుది కాదు, సున్నం ఎక్కువై వచ్చింది." బిళ్ళలూ ఇంజక్షన్లూ ఎక్కువై ఇలా అయిందని ఒక కాగితం మీద రాసిచ్చారు కూడా.

"తగ్గుతుందాండి?"

"కిడ్నీలు దెబ్బతినేశాయి. రెండు నెలల ముందు తెచ్చుంటే బాగుండేది."

రెండు నెలల ముందే నేను బిళ్ళలు పెంచింది. మా ఆయన పైకి వచ్చాక, కిడ్నీలు పోయాయట అని మాత్రం చెప్పాను. మిగతాది చెప్పడానికి, ఇంత నోరున్నదాన్ని, నాకు నోరు రాలేదు.

సెలైన్లు ఎక్కించారు. నాలుగో రోజు కళ్ళు తెరిచి నన్ను గుర్తుపట్టింది. "సూర్యకళా, అన్నం తిన్నావా?" అంది. తిన్నానని అబద్ధమాడాను. తొమ్మిదో రోజు పోయింది.

పెద్దకార్యం రోజున ఇంటినిండా జనం. కోడలంటే సూర్యకళేనమ్మా, ఒక్క బిళ్ళ తప్పకుండా వేసింది అని నలుగురూ మెచ్చుకుంటున్నారు. పరామర్శకి వచ్చిన ఆశీర్వాదంగారు అరుగు మీద కూర్చుని తలూపుతున్నారు. మెచ్చుకున్నకొద్దీ నాకు ఒళ్ళు మండిపోతోంది, ఎవరి మీదో కాదు, నా మీదే.

అంతలో చిన్నమ్మాయి అలమరలోంచి మిగిలిన బిళ్ళల అట్ట తీసింది.

"ఇవి పారేయకు వదినా. నాకూ మోకాళ్ళు పీకేస్తున్నాయి. ఎలాగూ ఆశీర్వాదంగారు వచ్చారు, ఆ ఇంజక్షన్ కూడా చేయించుకుంటాను."

అట్ట లాక్కున్నాను. "అన్నం పెట్టిన మనిషికి సున్నం పెట్టి చంపాను," అన్నాను.

ఎవరో పెద్దావిడ వచ్చి నా వీపు నిమిరింది. అంత మాట అనుకోకమ్మా, నువ్వు చేసిన సేవ మాకు తెలీదా అంది. అందరూ అయ్యో పాపం అన్నారు. చిన్నమ్మాయి కళ్ళు తుడుచుకుని, అట్ట కోసం మళ్ళీ చేయి చాపింది.

"నేను సామెత చెప్పడం లేదండీ," అన్నాను.

అట్ట, రాజమండ్రి డాక్టరుగారు రాసిచ్చిన కాగితం పట్టుకుని అరుగు మీదికి వెళ్ళాను. ఆశీర్వాదంగారి ముందు పెట్టి, అందరికీ వినబడేలా చదవమన్నాను.