మాస్టరు ముక్క

ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టు, వీధి మొత్తానికీ పఫ్‌లు తినిపించిన బేకరీ మాస్టరు గుండె డాక్టరు ముందు చొక్కా విప్పుకుని కూర్చోవలసి వచ్చింది.

మొదటిసారి డాక్టరమ్మ బరువు తగ్గమని పంపింది. మాస్టరు తన మొండితనమంతా దానిమీదే పెట్టాడు. అన్నం సగానికి తగ్గించాడు. టీలో చక్కెర మానేశాడు. బండి ఇంట్లో వదిలేసి బేకరీకి కాళ్లీడ్చుకుంటూ నడిచాడు. అయినా తూకం ముల్లు మొరాయించిన ఎద్దులా ఉన్నచోటే ఉంది. పెళ్లాం అనుమానంగా చూసింది.

"ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఎక్కడ తింటున్నావయ్యా?"

"నీ చప్పిడి కూర తిన్నాక ఇంకో ముద్ద గొంతు దిగుతుందటే?"

"మరి ఆ పొట్టలో ఉన్నది గాలా?"

రెండోసారి వెళ్లినప్పుడు డాక్టరు కూడా అదే అడిగింది, కాస్త మర్యాదగా. నోట్లో పెట్టుకున్నవన్నీ చెప్పమంది. చెప్పాడు. అందులో తప్పు పట్టడానికేమీ లేదు.

"మరి నువ్వు చేసినవి రుచి చూడవా?"

"చూడకపోతే ఎట్లాగమ్మా! ప్రతి వాయిలోనూ మొదటి పఫ్ నేనే తినాలి. కానీ అది తిండి కాదు, పని."

డాక్టరు కలం కింద పెట్టింది. "ఆ తేడా నీ గుండెకు తెలీదు మాస్టరూ. పఫ్‌లో వేసేదేంటి?"

"వనస్పతి."

"నూనెను గడ్డకట్టించి చేసేది. అందులో ట్రాన్స్ ఫ్యాట్ ఉంటుంది. చెడ్డ కొలెస్ట్రాల్‌ని పెంచుతుంది, మంచిదాన్ని తగ్గిస్తుంది. నువ్వేమో ముందు తలుపు గడియపెట్టి, దొడ్డి తలుపు బార్లా తీశావు. ఇట్లాగే తింటే ఈసారి నువ్వు నడిచి రావు, మోసుకొస్తారు."

ఆ బేకరీకి ఒక కట్టుబాటు ఉంది. దాన్ని పెట్టింది మాస్టరు మామ. ఓవెన్‌లోంచి ట్రే బయటికి రాగానే మాస్టరు కౌంటరు దగ్గర నిలబడి, కొనేవాళ్ల కళ్లముందు మొదటి పఫ్ తినాలి. ఆ కరకర వినబడితే గానీ అద్దాల బీరువా తెరవకూడదు. దానికి మాస్టరు ముక్క అని పేరు. మామ కాలంలో పఫ్‌లో పడింది వెన్న. మామ పోయి, కొడుకు గల్లాపెట్టె ముందు కూర్చున్నాక వెన్న పోయి వనస్పతి డబ్బాలొచ్చాయి. కట్టుబాటు మాత్రం అట్లాగే మిగిలింది.

ఆ కొడుకు అంటే మాస్టరు పెళ్లానికి అన్న. మర్నాడు పొద్దున్నే మాస్టరు అతని ముందు నిలబడ్డాడు.

"బావా, మళ్లీ వెన్న తెప్పించు. నావల్ల కాదు, డాక్టరు వద్దంది, నేనిది తినలేను."

"వెన్నా? దాని ధరకి నన్ను నేను అమ్ముకోవాలి. పైగా ఈ వేడికి కారి కూర్చుంటుంది." బావ గొంతు తగ్గించాడు. "అంత భయమైతే ఒక పని చెయ్యి. వాళ్ల ముందు నములు. వెనక్కెళ్లి ఉమ్మెయ్యి. ఎవడు చూడొచ్చాడు?"

మాస్టరు ఇంతకాలం ఎన్నో మింగాడు. అల్లుడివి కాదు కూలివాడివన్నట్టు చూసిన చూపులు మింగాడు, పండగకీ పబ్బానికీ సెలవివ్వని మాటలు మింగాడు. ఈ మాట మాత్రం దిగలేదు.

"నేను ఉమ్మేసేది వాళ్లు మింగాలా?"

"నీతులు ఇంటిదగ్గర చెప్పుకో. ట్రే తియ్యి."

తీశాడు. కౌంటరు ముందు జనం వరస కట్టారు. అందరికంటే ముందున్న లారీ డ్రైవరు పొట్ట తట్టుకున్నాడు. "కానియ్యి మాస్టరూ, కడుపులో ఇంజను మొదలైంది."

మాస్టరు మొదటి పఫ్ తీసి నోటిదాకా తెచ్చాడు. అక్కణ్ణించి తిప్పి బావ మూతి ముందు పెట్టాడు.

"ఈ రోజు మాస్టరు ముక్క ఓనరు తింటాడు."

బావ ముఖాన నవ్వు అతికించుకున్నాడు. "నాకు పడదు బావా."

"ఎప్పట్నించి?"

బావ మాస్టరు చెవి దగ్గరికి వంగి పళ్లు బిగించాడు. "నాకూ డాక్టరు వద్దన్నాడు. ఇప్పుడు నా పరువు తియ్యకు."

"ఓహో, నీకూ డాక్టరు వద్దన్నాడా?" మాస్టరు గొంతు వీధిదాకా వెళ్లింది.

ఎవరూ నవ్వలేదు. బావ ముఖం ఎర్రబడింది. "ఈ క్షణమే పనిలోంచి తీసేస్తున్నా. ఫో!"

"తియ్యి. పిండి నువ్వే పిసుక్కో. మీ చెల్లెలికి కూడా నువ్వే చెప్పు, నన్నెందుకు గెంటావో."

వెనకనించి ఒక ముసలావిడ చెయ్యి చాపింది. "మీ గొడవ మీరు తర్వాత పడండి. మా మనవడు ఏడుస్తున్నాడు, నాకొకటి ఇవ్వండి."

బావ గబగబా బీరువా తలుపు మీద చెయ్యి వేశాడు. లారీ డ్రైవరు ఆ చెయ్యి వైపు చూశాడు. "మాస్టరు తినలేదుగా?"

బావ చెయ్యి అక్కడే ఆగిపోయింది.

మాస్టరు పఫ్‌ని ట్రేలో పడేశాడు. కింద కాగితం మీద కారిన వనస్పతి అప్పుడే తెల్లగా పేరుకుంటోంది. అరలోంచి పొద్దున తను కాల్చిన రొట్టె తీశాడు. అందులో పిండి, నీళ్లు, ఈస్టు, ఉప్పు తప్ప ఏమీ లేవు. చేత్తో చించి కౌంటరు మీద బావ ముందు సగం పెట్టాడు. మిగతా సగం అందరి ముందూ నోట్లో పెట్టుకున్నాడు. పొడి రొట్టె గొంతుకు అడ్డం పడింది. నీళ్లు అడగలేదు. బావ మీంచి చూపు తిప్పలేదు.

నమిలాడు. మింగాడు.