పదో రికార్డుకు బొట్టు

కర్నూల్లో మే నెల వచ్చిందంటే ఏసీ ఉన్న ఇల్లే స్వర్గం. మధులత ఇంట్లో ఏసీ ఉంది. కాకపోతే అది రికార్డులకు. ఆమెకు కూలరు.

భర్త నాగరాజ్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాడు. తాగుడు లేదు, పేకాట లేదు. ఉన్నదల్లా బెర్లిన్‌లో ఏదో నేలమాళిగలో నడిచే టెక్నో సంగీతం కంపెనీ. అది పదేళ్లలో పది వినైల్ గ్రామఫోను రికార్డులు తెచ్చింది, ఒక్కోదానికి రెండు వందల కాపీలు మాత్రమే. పేరుండదు, బొమ్మ ఉండదు, నడుమ గుండ్రటి తెల్ల కాగితం, అంతే. ఆ ఏమీ లేనితనం కోసమే జనం ఎగబడతారట. నాగరాజ్ దగ్గర తొమ్మిది పోగయ్యాయి. ఎండకు వంగిపోతాయని చిన్నగదిలో వాటికి ఏసీ పెట్టించాడు. మనుషుల ఊపిరి తగిలితే తేమ అని తలుపు మూశాడు. పదోది దొరికిన రోజు అన్నీ పడకగది బీరువాలోకి, వాటి వెంట ఏసీ ఆ గదిలోకి అని ఒట్టు పెట్టాడు. మూడు వేసవుల నుంచి ఆ పదోదాని కోసం అతనికన్నా మధులతే ఎక్కువ ఎదురుచూసింది.

శుక్రవారం పార్సిల్ వచ్చింది. నాగరాజ్ మెత్తటి గుడ్డతో రికార్డు బయటికి తీసి, బల్ల మీద పెట్టి, స్నానానికి వెళ్లాడు. చెమట చేతులతో కొత్తదాన్ని తాకడు.

అతని తల్లి గిడ్డమ్మది కోడుమూరు. గ్రైండరు రానీ, బండి రానీ, ఇంట్లోకి కొత్త వస్తువు వస్తే పసుపు కుంకుమ పెట్టందే ఆమెకు కాలూ చేయీ ఆడదు. ఆ తెల్ల కాగితం చూడబోతే సరిగ్గా నొసలంత ఉంది. తడి వేలితో పసుపు రాసి, బొట్టు పెట్టింది.

నాగరాజ్ తల తుడుచుకుంటూ వచ్చి, చూసి, దాన్ని ఎత్తుకుని ప్లేయరు దగ్గరికి పరుగెత్తాడు. పాట చెడలేదని వేసి విని తనే ఒప్పుకున్నాడు. మధులత చెవికి మిగతా తొమ్మిదిలాగే ఇదీ ఎండిన బోరులో మోటారు కొట్టుకున్నట్టే ఉంది.

"అయినా ఇది సెట్టులోకి రాదు. తొమ్మిది తెల్లగా ఉండి ఒకదానికి బొట్టుంటే ఎట్ల? ఇంకోటి ఎతకాల్ల. రెండేండ్లు పడుతుందేమో" అన్నాడు.

"నాదేం తప్పప్పా? ఆ తొమ్మిదిటినీ బోసిగా పెట్టుకున్నది నువ్వు" అంది గిడ్డమ్మ.

అమ్మేవాళ్లను వాకబు చేయడానికి అతను ఫోను తీసుకుని మిద్దె ఎక్కగానే, మధులత పసుపు, కుంకుమ భరిణెలు తీసుకుని చిన్నగదిలోకి వెళ్లింది. లోపల హాయిగా ఉంది, తొందర పడాల్సిన పనేమీ లేకపోయింది.

అతను దిగి వచ్చేసరికి పది రికార్డులు గోడకు వరసగా ఆనించి ఉన్నాయి. పదింటికీ బొట్టు.

"ఏం చేసినావే" అన్నాడు.

"జత కలిపినా. ఇట్లాంటి సెట్టు బెర్లిన్‌లో గూడా లేదు. పదీ మళ్లీ ఎతుక్కుంటావో, ఏసీ పని చేసే ముబీన్‌కు ఫోన్ చేస్తావో నీ ఇష్టం."

అతను ఒక్కోటి వెలుతురుకు పట్టి తిప్పి చూశాడు. గీతల మీద వేలిముద్ర లేదు, కాగితం దాటి ఒక్క రవ్వ రాలలేదు.

"అంచులే పట్టుకున్నావా?"

"నాలుగేండ్లుగా చూస్తాండా గదా."

అతను పదోదాన్ని మిగతా వాటి పక్కన పెట్టి, ఫోను తీశాడు.

మూడు గంటలకల్లా ముబీన్ వచ్చి ఏసీని పడకగది గోడకు బిగించాడు. కొత్త గదిలోకి వచ్చింది కదా అని గిడ్డమ్మ స్టూలెక్కి దానికి బొట్టు పెట్టింది. స్టూలు కదలకుండా నాగరాజే పట్టుకున్నాడు.