ఓడ కిరాయి

"అసలు నీ జీతం ఎంతో ఎప్పుడైనా లెక్కేశావా?" అన్నారు మా ఆయన. నేను అప్పుడు ఆయన చొక్కా కాలరు ఇస్త్రీ చేస్తున్నాను. నా జీతం నాకు తెలియకపోవడమేమిటని నవ్వబోయాను. ఆయన నవ్వడం లేదు. ఫోనులో అంకెలు నొక్కుతూ, "పాపను చూసే ఆయాకి పోను, నీ బస్సుకి పోను, వంట కుదరని రోజు బయటి తిండికి పోను... ఇదిగో, మిగిలింది" అని నా ముందు పెట్టారు. పక్కనే తన జీతం చూపించారు. ఏనుగు పక్కన చీమలా ఉంది నాది.

"కొండను తవ్వి ఎలుకను పట్టినట్టుంది. ఈ మాత్రం దానికి పొద్దున్నే ఆ పరుగులేమిటే అమ్మాయ్!" అన్నారు అత్తయ్య పక్క గదిలోంచి.

"ఇవాళే మీ మేనేజరుకి చెప్పేయ్, మానేస్తున్నానని." ఇస్త్రీ వేడి చల్లారకముందే చొక్కా తొడుక్కుని వెళ్లిపోయారు ఆయన.

బస్సులో నిలబడి ఆ మాటే నెమరేశాను. మా పుట్టింట్లో కాలేజీ గడప తొక్కింది నేనొక్కదాన్నే. నాన్న కలప మిల్లులో దుంగలు మోసి చదివించాడు. "నీకు కుర్చీలో కూర్చునే పని రావాలి తల్లీ" అనేవాడు. ఆ కుర్చీ వదిలేయమంటే కోపం రావాలి కదా. రాలేదు. సిగ్గేసింది. తీసివేతలన్నీ సరిగ్గానే ఉన్నాయి మరి.

మాది కలప వ్యాపారుల సంఘం ఆఫీసు. పైన్ లాంటి మెత్తకలపను రెండు దేశాలు ఎంత విలువకు దిగుమతి చేసుకుంటున్నాయో పోల్చి, ఆ రోజు సభ్యులకు చూపించాలి. రెండూ తెప్పించే సరుకు ఇంచుమించు సమానమే. విలువలో మాత్రం చాలా తేడా.

"ఒకటి డబ్బు తగలేస్తోంది, రెండోది గడుసుగా కొంటోంది. అంతేగా?" అన్నారు మేనేజరు నా గ్రాఫు చూసి.

"కాదు సార్. మొదటిది సరుకు తన రేవుకు చేరాక విలువ కడుతుంది. ఓడ కిరాయి, బీమా అన్నీ అందులోనే. రెండోది ఓడ ఎక్కించే చోటే విలువ కట్టేస్తుంది. మోత ఖర్చు దాని అంకెలో లేదు. రెంటినీ ఒకేలా లెక్కేస్తే పెద్ద తేడా లేదు."

మేనేజరు తల గోక్కున్నారు. "అంటే మోత ఖర్చంతా ఒకదాని నెత్తిన వేసి, రెండోదాన్ని వదిలేశామన్నమాట! నలుగురిలో నవ్వులపాలయ్యేవాణ్ణి. బతికించావమ్మా. ఇంకేమైనా చెప్పాలా?"

మానేస్తున్నాననే మాట పెదవి దాకా వచ్చింది. కానీ చెవుల్లో ఆ వాక్యమే తిరుగుతోంది. ఒకదాని నెత్తిన వేసి, రెండోదాన్ని వదిలేసి.

"ఏం లేదు సార్."

సాయంత్రం పాపకు అన్నం తినిపించి, మర్నాటి చొక్కా పరిచాను.

"చెప్పావా?" అన్నారు ఆయన.

"లేదు."

"పొద్దున అంత విడమరిచి చెప్పానే! మళ్లీ చూపించనా?" ఫోను తీశారు.

"చూపించండి. ఈసారి నా జీతం అలాగే ఉంచండి. ఆయాకిచ్చేది మీ జీతంలోంచి తీయండి."

"నా జీతంలోంచా? ఎందుకు?"

"పాప మీకు కూడా కూతురే కదా."

అత్తయ్య గదిలో మంచం కిర్రుమంది. ఆయన వేలు ఫోను మీదే ఆగిపోయింది. చొక్కాకు ఒక చెయ్యి ఇస్త్రీ అయింది, రెండోది ముడతలతోనే ఉంది. స్విచ్చి ఆపేసి, ఇస్త్రీపెట్టెను ఆయన వైపు జరిపాను.