మొదటి నీళ్లు

రంపం ఇవాకిచి చేతి వేళ్లు మూడు తీసుకుంది. తీసుకుని కూడా ఆగలేదు. వాంకూవర్ రేవులోని ఆ కలప మిల్లులో తెల్లవాడి వేలు తెగితే డాక్టరొస్తాడు, జపాను వాడి వేలు తెగితే మేస్త్రీ వస్తాడు.

మేస్త్రీ కురిహారా వచ్చాడు. అతనూ జపాను వాడే. మిల్లుకి మనుషుల్ని పంపేది అతనే, పవెల్ వీధిలో వాళ్లు పడుకునే ఇల్లూ అతనిదే. మనవాడు కదా, జాలిపడతాడనుకున్నవాళ్లకి బుద్ధి లేదు.

"వేళ్లు లేనోడికి నా ఇంట్లో కూడూ లేదు, చాపా లేదు. రేపు పొద్దున్నే ఖాళీ చెయ్యి," అన్నాడు.

ఆ ఇంట్లో స్నానాల తొట్టె కింది పొయ్యికి కట్టెలు ఎగదోసే పనామె కినుయో. అందరికీ ఒకటే తొట్టె. బయట ఒళ్లు రుద్దుకుని, ఒకరి తర్వాత ఒకరు అవే వేడినీళ్లలో దిగాలి. మొదటి నీళ్లు మేస్త్రీవి. ఏళ్ల తరబడి అతను మునిగి లేచాకే మిగతావాళ్లు దిగారు. ఎవరూ ఎదురు చెప్పలేదు, కినుయోతో సహా.

ఆ సాయంత్రం అక్కడే గొడవ మొదలైంది.

"రేపట్నించి పని మానేద్దాం," అన్నాడు ఇవాకిచితో పాటు మిల్లులో పనిచేసే టొమెజో.

"మానితే మేస్త్రీ ఇంకో ఓడెడు మనుషుల్ని దింపుతాడు. నా పిల్లలకి నువ్వు పెడతావా?" అని ఇంకో కూలీ సుకెజి లేచాడు.

"రేపు నీ చెయ్యే పోతే ఎవడు పెడతాడ్రా?"

"నాకోసం కొట్టుకోకండి, నే పోతాలే," అన్నాడు ఇవాకిచి.

కినుయోకి ఒళ్లు మండింది. "సమ్మె సంగతి తర్వాత. మేస్త్రీ రాకముందే ఈయన్ని తొట్లో దింపే ధైర్యం ఉందా మీకు?"

టొమెజో లేచాడు. ఆ వెనకే పిల్లల గురించి అరిచిన సుకెజి చొక్కా చేతులు పైకి మడిచి, ఇవాకిచి వీపు రుద్దడం మొదలుపెట్టాడు.

మేస్త్రీ భుజాన తువ్వాలుతో వచ్చేసరికి ఇవాకిచి మెడ దాకా నీళ్లలో ఉన్నాడు, కట్టు కట్టిన చెయ్యి పైకెత్తి.

"ఎవడి నీళ్లురా అవి?"

"తోడింది మేము. కట్టెలు మోసింది మేము," అన్నాడు సుకెజి.

"మంట ఆర్పవే!"

కినుయో ఇంకో కట్టె వేసింది. మేస్త్రీ పళ్లు కొరుకుతూ వంగి తొట్టె బిరడా పీకేశాడు. నీళ్లన్నీ కాలవలోకి పోయాయి. ఖాళీ తొట్లో బట్టల్లేకుండా వణుకుతున్న ఇవాకిచిని అందరూ చూశారు. పని మానాలా వద్దా అని ఇక ఎవరూ వాదించుకోలేదు.

తెల్లారి మిల్లు కూత వేసింది. మళ్లీ వేసింది. ఆ ఇంటి నుంచి ఒక్కడూ కదల్లేదు. కుళాయి దగ్గర్నుంచి తొట్టె దాకా వరుసగా నిలబడి బాల్చీలు అందించుకుంటున్నారు. ఆ వరుసలో ఇవాకిచి కూడా ఉన్నాడు, మంచి చేత్తో.

పోలీసులు తలుపు బాదారు. వాళ్ల వెనక మేస్త్రీ గొంతు వినిపిస్తోంది.

"ఆగండి," అంది కినుయో పొయ్యి ముందు నుంచి. "నీళ్లు కాగాక తీస్తాం."