ఎడమచేతి కుట్టు

పెళ్లయి నెలలు గడిచినా నీమియాకి పొద్దున్నే నిద్ర లేవడం పండగలాగే ఉండేది. భర్త విల్ఫ్రీదో చక్కెర ఫ్యాక్టరీకి వెళ్తూ ఆమె జడలో ఓ మందారం గుచ్చి, "సాయంత్రం దాకా వాడనివ్వకు" అనేవాడు. మందారం అంతసేపు వాడకుండా ఉంటుందా? అయినా ఆ మాట తలుచుకుని రోజంతా నవ్వుకునేది.

అత్తగారు సతుర్నీనా కుట్టుపనికి యతయిటీ ఊరంతా పేరు. సన్నని నూలుబట్ట మీద తెల్లదారంతో పువ్వులు తీసేది. ఆమెది ఎడమచేతి వాటం. అందుకే బట్ట తిరగేస్తే పోగులన్నీ అందరివాటికీ ఎదురుగా వాలి కనిపించేవి. ఊళ్లో అలాంటి కుట్టు ఇంకొకరికి లేదు. టీచరు చదువు చదివిన నీమియా అది నేర్చుకోబోయి వేళ్లు పొడుచుకునేది.

"బట్ట కుట్టవే తల్లీ, వేళ్లు కాదు!" అని అత్తగారు ఏడిపించేది.

పెద్దకొడుకు లాదిస్లావో కబుర్లు కూడా అలాగే నవ్వుతూ చెప్పేది. చెరకు కూలీలకి సంఘం పెట్టాడని నియంత రోజుల్లో అతన్ని పోలీసులు పట్టుకెళ్లారు. ఇంట్లోవాళ్లు అడగడానికి వెళ్తే, వదిలేశామనీ నది దాటి అర్జెంటీనా పోయాడనీ చెప్పారు. సతుర్నీనా ఆ మాటనే పట్టుకుని బతికింది. "అక్కడెవత్తినో కట్టుకుని పిల్లల్ని కనుంటాడు. నాకు మొహం చూపించలేక దాక్కున్నాడు వెధవ" అని ముద్దుగా తిట్టేది. విల్ఫ్రీదో ఏటా సెలవుల్లో నది దాటి, అవతల తమ దేశంవాళ్లుండే పేటలన్నీ అన్నకోసం గాలించి వచ్చేవాడు.

నియంత గద్దె దిగిపోయిన కొన్నాళ్లకి వియ్యారికా పట్నంలో పోలీసు ఠాణా గది ఒకదాని తాళం పగలగొడితే ఖైదీల వస్తువులు బయటపడ్డాయి. తమవాళ్లవేమైనా ఉన్నాయేమో వచ్చి చూసుకోమని రేడియోలో చెప్పారు. అది చెరకు ఆడే కాలం, విల్ఫ్రీదోకి సెలవు దొరకలేదు.

"అమ్మతో నువ్వెళ్లు. ఏం కనిపించినా నా దగ్గర దాచకు" అన్నాడు.

బస్సులో అత్తాకోడళ్లు వేడివేడి చీపా రొట్టె తుంచుకు తింటూ, నిద్రలో తూలే కండక్టర్ని చూసి నవ్వుకుంటూ వెళ్లారు.

అక్కడ పొడుగాటి బల్ల మీద కళ్లజోళ్లు, తాళ్లు తీసేసిన బూట్లు, బెల్టులు పరిచి ఉన్నాయి. "వదిలేసినవాళ్లకి వాళ్ల వస్తువులు తిరిగి ఇచ్చేశారమ్మా. ఇవి బయటికి రానివాళ్లవి" అంది అక్కడున్న లాయరమ్మ మెల్లగా.

సతుర్నీనా పువ్వులు కుట్టిన ఓ తెల్లచొక్కా ముందు ఆగింది. తీసుకుని తిరగేసింది. కుట్టు మీద బొటనవేలితో నిమిరింది. పక్కనుంచి నీమియా చూసింది. పోగులన్నీ ఎదురువైపుకి వాలి ఉన్నాయి.

"ఛీ, ఎవత్తె కుట్టిందో! ఈ పువ్వు చూడు, కుంటిది" అంది సతుర్నీనా.

"మీవాడిది కాదంటారా?" అని అడిగింది లాయరమ్మ.

"నా కుట్టు నాకు తెలీదూ?"

అంటూనే చొక్కా గుండీలు పెట్టి, చేతులు లోపలికి మడిచి, కాలరు సర్ది బల్ల మీద ఉంచింది. దాన్ని వదలడానికి ఆమె చేతికి చాలాసేపు పట్టింది.

లాయరమ్మ నీమియా వైపు తిరిగింది. "మీరేమంటారు?"

నీమియాకి కళ్లముందు ఇల్లు మెదిలింది. ఆ వేళాకోళాలు, ఆ నవ్వులు, తను కొత్తగా అడుగుపెట్టిన ఆ సంతోషం. ఒక్కమాటతో అదంతా చీకటైపోతుందనిపించింది.

"అత్తయ్య చెప్పారుగా" అంది.

తిరుగుబస్సులో చీపా రొట్టెలమ్మే ఆవిడ బుట్ట చాపితే ఇద్దరూ వద్దన్నారు.

విల్ఫ్రీదో గుమ్మంలోనే ఎదురొచ్చాడు. "ఏంలేదురా, అంతా పాత చెత్త" అంటూ తల్లి వంటింట్లోకి వెళ్లిపోయింది. అతను నీమియా చెయ్యి పట్టుకున్నాడు.

"అమ్మ సంగతి నాకు తెలుసు. నువ్వు చెప్పు."

చెప్పడానికే ఆమె నోరు తెరిచింది. వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది.

"ఏమీ లేదు" అంది నీమియా.

అతని మొహం వెలిగిపోయింది. "అయితే అన్న నది అవతలే ఉన్నాడన్నమాట! అక్కడ ఒబెరా తేయాకు తోటల్లో మనవాళ్లు చాలామంది ఉన్నారట. ఈసారి అక్కడికే పోదాం. నువ్వూ రా, అన్నకి మరదల్ని చూపించొద్దూ!" అంటూ ఆమెని ఎత్తి గిర్రున తిప్పాడు.

"ఎన్నాళ్లుండాలి?"

"అన్న దొరికేదాకా!"

మొహం కనపడకుండా నీమియా అతని భుజం మీద తల దాచుకుంది.