ఉచ్చీరప్ప చూపించిన అక్కచెల్లెళ్ళు

కాలేజీల్లో సైన్సు చెప్పేవాళ్ళలో ఆడవాళ్ళూ మైనారిటీలూ పెరగాలని సర్కారు ఒక స్కీం పెట్టింది. చేరినవాళ్ళు నిజంగా పరిశోధనలు చేస్తున్నారా లేదా తేల్చమని ఎనభై మూడులో హైదరాబాదు నుంచి కృపానందం అనే అధికారిని పంపింది.

ఆదోనిలోనూ ఎమ్మిగనూరులోనూ కాలేజీలు నడిపే ఉచ్చీరప్ప ఆ స్కీం కింద చేర్చుకున్నది ఒక్క రహమత్ బీనే. కాగితాల్లో మాత్రం కాలేజీకొకరని ఇద్దర్ని చూపించాడు. మైక్రోస్కోపూ ఒక్కటే. ఆయుధపూజనాడు దానికి బొట్టుపెట్టి, మళ్ళీ పెట్టెలో పెట్టి తాళం వేస్తాడు. తాళంచెవి ఆయన మొలతాడుకే వేలాడుతుంది. ఆలూరులో నాన్న చేలో పత్తికాయలు ఎందుకు కుళ్ళుతున్నాయో చూడాలని రహమత్ బీ ఆ కాయలు సంచిలో వేసుకుని తిరుగుతోంది. అడిగినప్పుడల్లా "అద్దం అరిగిపోతాదమ్మా" అంటాడు మహానుభావుడు. చూస్తే అరిగే వస్తువు లోకంలో అదొక్కటే కాబోలు!

తనిఖీనాడు పొద్దున ఆదోనిలో తెల్లచీర కట్టుకుని రహమత్ బీగానే నిలబడింది. మధ్యాహ్నం ఎమ్మిగనూరులో బురఖా వేసుకుని మహబూబ్ బీగా నిలబడాలి. నోరు జారితే ఉద్యోగం పోతుందని ఉచ్చీరప్ప ముందే చెప్పాడు. మైక్రోస్కోపు పెట్టె ఆయన కారులో వెళ్ళింది. ఆమెను మాత్రం బస్సుకు రమ్మన్నాడు.

బస్సు రాలేదు. కృపానందం జీపు వచ్చి ఆగింది.

"ఎక్కడికమ్మా?"

"ఎమ్మిగనూరుకు సార్."

ఆయన ఎక్కించుకున్నాడు. ఊరు దగ్గరపడింది. బురఖా వేసుకుంటే సిగ్గు, వేసుకోకుంటే నోటికాడి కూడు పోతుంది. చివరికి సంచిలోంచి బురఖా తీసి ఆయన ఎదుటే తొడుక్కుంది. ఆయన మర్యాదస్తుడు, రోడ్డువైపు తిరిగి కూర్చున్నాడు.

ఆమె ఆ జీపులోంచి దిగడం చూసిన ఉచ్చీరప్ప ముఖంలో నెత్తురుచుక్క లేదు.

"ఈయమ్మ మహబూబ్ బీ సార్. పొద్దున సూసినారే, ఆయమ్మ సెల్లెలు. గొంతు గూడా ఒకటే!"

"అవునా అమ్మా?" అన్నాడు కృపానందం ఆమెతో.

అవునంటే అబద్ధం, కాదంటే ఉద్యోగం ఉండదు. ఇన్నాళ్ళ కోపం ఒక్కసారిగా పొంగింది రహమత్ బీకి.

"అవును సార్, ఇద్దరం ఉండాము. ఇద్దరికీ ఆ పెట్టె ఒకటే. తాళంచెవి మాత్రం మా సార్ మొలతాడుకుండాది. పత్తికాయలు ఈడనే ఉండాయి. తాళం ఇప్పిస్తే ఇప్పుడే సూస్తాము."

కృపానందం నవ్వాపుకున్నాడు. "సరే, ఇద్దరనే రాస్తాను ఉచ్చీరప్పగారూ. వచ్చేనెల ఇద్దర్నీ పక్కపక్కన చూశాకే సంతకం. ముందు పెట్టె తెరవండి."

ఉచ్చీరప్ప గోడవైపు తిరిగి, పంచె సవరించుకుంటూ మొలతాడు ముడి విప్పాడు. పెట్టె తెరిస్తే అద్దం మీద కుంకుమ గట్టిపడి ఉంది. రహమత్ బీ ముసుగు పైకెత్తి చీరకొంగుతో తుడవసాగింది. తుడిచి, సంచిలోంచి ఒక పత్తికాయ తీసింది.

ఉచ్చీరప్ప ఆమె పక్కకు వచ్చి గొంతు తగ్గించాడు.

"ఏమమ్మా, నిజంగానే నీకు సెల్లెలుండాదా? సైన్సు సదివింటే రేపే పంపియ్యి తల్లీ!"