పెద్ద కూలర్

ఆస్ట్రేలియాలోని పోర్ట్ అగస్టాలో క్లారీ హాకింగ్ బండ్ల రిపేరు వర్క్‌షాప్‌లో ఆయనా, కూతురు టీగనూ, నేనూ పనిచేసేవాళ్లం. క్లారీ తన బండి వెనక చక్రాల ఇల్లు లాంటి కారవాన్ తగిలించి కొండెక్కిస్తే చాలు, ఆటోమేటిక్ గేర్‌బాక్స్ కాగిపోయేది. దాని ఆయిల్ చల్లబరచడానికి పెద్ద కూలర్ కొని బిగించాడు. అయినా వేడి తగ్గలేదు.

టీగన్ గేర్‌బాక్స్‌కి ప్రెషర్ గేజ్ పెట్టి చూసింది. "నాన్నా, ఆయిల్ ప్రెషర్ చాలడం లేదు. లోపలి క్లచ్ ప్లేట్లు గట్టిగా పట్టుకోలేక జారుతున్నాయి. ఆ రాపిడికే వేడి పుడుతోంది. పుట్టేదాన్ని ఆపకుండా ఎంత చల్లార్చినా ఏం లాభం?"

"నేను గేర్‌బాక్సులు విప్పేనాటికి నువ్వు పుట్టనేలేదు. వెళ్లి టీ పెట్టు," అన్నాడు క్లారీ.

ఆయన చేపలవేటకు వెళ్లిన ఆదివారం టీగనూ నేనూ అరిగిపోయిన ప్రెషర్ వాల్వు మార్చేశాం. మర్నాడు ఆమె ఆ సంగతి చెబితే, ఆయన పేపర్లోంచి తలెత్తకుండానే ఊ కొట్టాడు.

సెలవుల్లో కొండెక్కినా బండి కాగలేదు. తిరిగొచ్చాక బార్బెక్యూ దగ్గర క్లారీ స్నేహితులతో అంటున్నాడు: "కూలర్ పెద్దదైతే చాలని మొత్తుకున్నా. మా పిల్ల బుర్రకే ఎక్కలేదు."

అందరూ నవ్వారు. నేను నోరు విప్పబోతే టీగన్ నా చెయ్యి నొక్కింది. "వదిలెయ్ బ్రెట్. చెప్పాల్సింది చెప్పేశాను."

మరుసటి నెలలో ఆమె దగ్గర్లోని వైయాలా ఊళ్లో వేరే వర్క్‌షాప్‌లో చేరింది. జీతం ఎక్కువని వెళ్లిపోయిందని క్లారీ ఇప్పటికీ అందరికీ చెబుతాడు.